గుండు పిల్లకు రెండు జడలు

ఆ కాగితం రాసింది నేనే. కడప బస్టాండులో ముప్పై నాలుగేళ్లు కంట్రోలరుగా ఉండి, వచ్చే బస్సు పోయే బస్సు రిజిస్టరులో ఎక్కించినవాణ్ణి కాబట్టి నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, పది అడుగుల దూరం నుంచి కూడా చదవొచ్చు. అందుకే నన్ను రాయమన్నారు. నేనూ పొంగిపోయి రాశాను. "తప్పిపోయిన పాప. వయసు ఐదేళ్లు. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, ఎర్ర గౌను." ఇందులో వయసు ఒక్కటే నిజం.

ఆ కాగితం ప్రతి ఒకటి ఆ రోజు డైరీలో అంటించి పెట్టుకున్నాను. నా మీద నాకు గౌరవం పెరుగుతున్నట్టు అనిపించినప్పుడల్లా తీసి చదువుకుంటాను.

ఉద్యోగం మానినా మధ్యాహ్నం భోజనం కాగానే బస్టాండుకు వెళ్లడం నేను మానలేదు. మూడో ప్లాట్‌ఫారం దగ్గర ఒక సిమెంటు బెంచీ ఉంది. పైన ఫ్యాను తిరుగుతుంది. అక్కడ కూర్చుని ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో జేబు డైరీలో రాస్తాను. ఎవరూ అడగరు, ఎవరికీ చూపించను. బెంచీ పక్కన నేల మీద గోనెపట్టా పరుచుకుని దువ్వెనలు, పేల దువ్వెనలు, పిన్నులు, రిబ్బన్లు అమ్మే ఒకామె ఉంటుంది. నేను కొలువులో ఉన్నప్పటి నుంచి ఆమె అక్కడే ఉంది. నేను ఆమెతో మాట్లాడింది తక్కువ. ఆమె మాటలు విన్నది ఎక్కువ.

అది మే నెల, శనివారం. నా డైరీలో ఇలా ఉంది: "2.10. దువ్వెనలామె దగ్గర గుండు పిల్లవాడు. తిరుమల నుంచి వచ్చినట్టుంది. దువ్వెన అడుగుతున్నాడు."

ఆ సంభాషణ రాయలేదు కానీ గుర్తుంది.

"ఏమి రా గుండోడా, నీకు దువ్వెన అమ్మితే దేవుడు నన్ను కొడతాడు. ఎంటికలు మొలిచినాక రా పో" అంది ఆమె.

"మా అమ్మకు" అంది ఆ పసి గొంతు.

"మీ అమ్మకన్నా జుట్టు ఉండాదా, ఆమెకూ గీకించినారా?"

నేను నవ్వుకున్నాను. చొక్కా, నిక్కరు, గంధం పూసిన గుండు. పిల్లవాడే అనుకున్నాను. ఆ కింద ఇంకో వాక్యం: "2.25. బనగానపల్లె బస్సు కదిలింది. పది నిమిషాలు ఆలస్యం." తరువాత పేపరు చదువుతూ కునుకు తీశాను. దాన్ని డైరీలో రాయను.

మూడు గంటలకు పది నిమిషాల ముందు అరుపులకు మెలకువ వచ్చింది. ఎంక్వయిరీ కిటికీ దగ్గర ముప్పై ఏళ్ల మనిషి, గుండుకు పూసిన గంధం చెమటకు కరిగి కనుబొమల మీదికి కారుతూ, పాప కనిపించడం లేదని ఏడుస్తున్నాడు. మంత్రాలయం దగ్గర ఒక ఊళ్లో మగ్గం నేసుకునే మనిషి. భార్య కాన్పు కష్టమైతే కొండకు మొక్కుకున్నాడు. ఆమె ఇంట్లో పసిబిడ్డతో ఉంది. తల్లినీ కూతుర్నీ వెంటబెట్టుకుని తిరుమల వెళ్లి మొక్కు తీర్చుకుని వస్తూ, నేరుగా వెళ్లే బస్సు తప్పిపోయి, ఇక్కడ మారడానికి దిగాడు. అతను కర్నూలు బస్సు అడగడానికి వెళ్లాడు. అతని ముసలి తల్లి మరుగుదొడ్డికి వెళ్తూ పాపను ఎవరో ఒకామె పక్కన కూర్చోబెట్టింది. తిరిగి వచ్చేసరికి పాప లేదు.

ఇంత చెప్పడానికి అతనికి అయిదు నిమిషాలు పట్టింది. ఎందుకంటే చుట్టూ చేరినవాళ్లలో ప్రతివాడూ అతన్ని విచారించాడు.

"పాపను వదిలిపెట్టి యాడికి పోయినావప్పా?"

"మంత్రాలయం గడప ముందర పెట్టుకోని ఇంత దూరం కొండకు యాల పోయినారు?"

"ఈ కాలంలో ఆడపిల్లను ఒక్కదాన్నే కూసోబెడతారా ఎవరన్నా?"

మన జనం ఇలాంటి సమయంలో ప్రశ్నలు వేయడంలో ఆరితేరినవాళ్లు. పాప ఎటు వెళ్లి ఉంటుందన్న ప్రశ్న తప్ప అన్నీ వేస్తారు. ఆ మనిషికి గ్లాసెడు నీళ్లు ఇచ్చినవాడు లేడు. అతని తల్లిని మాట్లాడించినవాడు అంతకన్నా లేడు. ఆమె సంచుల మీద కూర్చుని ఏదో చెప్పబోతే, "ముసలామెకు ఏం తెలుస్తాది, ఆమెను లోపల కూసోబెట్టండి" అని ఎవరో పెద్దరికం చేసి, బస్టాండు మూల పోలీసుల చిన్న గదిలో కూర్చోబెట్టి వచ్చారు. పాపను ఆఖరున చూసిన మనిషి ఆమె. ఆమెను దూరం చేసి మేము వెతుకులాట మొదలుపెట్టాం.

అంతలో వార్డు నాయకుడు వచ్చాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, వెనక ముగ్గురు. "ఫోటో ఉందా?" అన్నాడు.

తండ్రి ఫోను తెరిచాడు. ఉగాదికి తీసిన ఫోటో. ఎర్ర గౌను, మడిచి కట్టిన రెండు జడలు, వాటి చివర ఎర్ర రిబ్బన్లు. నాయకుడు ఫోను ఎత్తి పట్టి చూసి, "శానా బాగుండాది. ఇదే పెడదాం" అన్నాడు. పెళ్లి సంబంధానికి పంపుతున్నట్టు.

నన్ను రాయమన్నారు. నేను నా వృత్తి నిష్ఠ చూపించుకోవడానికి, "బట్టలు ఇవేనా నాయనా?" అని కూడా అడిగాను.

"ఎర్ర గౌనే సార్. పొద్దున అదే ఏసినాము. కొండ నుంచి వస్తాండాము సార్, గుండు కొట్టించుకోని" అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. పొద్దున అదే గౌను. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పాప వాంతి చేసుకుంటే, అన్న కొడుకు కోసం కొన్న కొత్త చొక్కా నిక్కరు సంచిలోంచి తీసి ముసలామె పాపకు తొడిగింది. అతను వెనక సీట్లో నిద్రపోతున్నాడు. తరువాత చూసి ఉంటాడు, కానీ బిడ్డ ఏం బట్టలు వేసుకుందో మన ఇళ్లలో మగవాళ్లకు పట్టదు. నాకూ పట్టలేదు, నాకు ఇద్దరు కూతుళ్లు. ఇక గుండు సంగతి. అతను దాచలేదు. చెప్పాడు. తనకు తెలిసిందే మాకూ తెలుసనుకున్నాడు. నేనేమో అతని తల మీది గంధం చూసి, అతను తన గుండు గురించే చెబుతున్నాడని అనుకున్నాను. కొండకు మొక్కు తీర్చుకోవడానికి పోయిన ఇంట్లో పిల్లకు జుట్టు ఉంటుందా అని ఈ సీమలో పుట్టిన ఏ మనిషైనా ఆలోచించాలి. నా ముందున్నది ఫోటో. ఫోటోలో జడలున్నాయి. జడలు రాశాను.

ఇరవై ప్రతులు తీయించారు. స్తంభానికొకటి అంటించారు. నాయకుడు తండ్రిని పక్కన నిలబెట్టుకుని, భుజం మీద చెయ్యి వేసి, కాగితం ఛాతీ దగ్గర పట్టుకోమన్నాడు. "కొంచెం పైకి. నా మొగం అడ్డమొస్తాది, ఇంకొంచెం కిందికి" అన్నాడు. గంధం కారుతున్న గుండుతో తండ్రి, అతని చేతుల్లో రెండు జడల బిడ్డ. అంతమంది ఫోన్లు ఎత్తి ఫోటోలు తీశారు. ఒక్కడికీ ఏమీ తోచలేదు.

పది నిమిషాల్లో ఆ ఫోటో ఊరంతా తిరిగింది. ఊరికే తిరిగితే మన గొప్పదనం ఏముంది? దాని కింద ఇంకో పాత సందేశం అతికించారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా జిల్లాలో దిగిందట, ఆడవాళ్లు దువ్వెనలు పిన్నులు అమ్మే వేషంలో తిరుగుతున్నారట. ఇదే సందేశం అంతకు ముందు ఏడు నాకు వచ్చింది. అప్పుడు వాళ్లు దుప్పట్లు అమ్మేవాళ్లు. దానికి ముందు గాజులు అమ్మేవాళ్లు. ముఠా మారదు, సరుకు మారుతుంది. నెత్తిన గంప పెట్టుకుని నడిచేవాళ్లే ఎప్పుడూ దొంగలు. కారులో వచ్చే దొంగ గురించి ఇంతవరకు నాకు ఒక్క సందేశం రాలేదు.

ఆ సందేశం చదివినవాళ్లు తల ఎత్తి చూస్తే ఎదురుగా దువ్వెనలామె కూర్చుని ఉంది.

"ఏయ్, జడల పిల్ల యాడ?" అన్నాడొకడు.

"జడల పిల్ల నాకు కనపళ్ళేదు నాయనా. పొద్దున్నుంచి ఒక్క జడల పిల్లా రాలా. రిబ్బన్లు కట్టలు కట్టలు అట్నే ఉండాయి సూడు."

"నీ పక్కనే కూసోబెట్టినారంట కదా."

"నా పక్కన కూసున్నది గుండు పిల్లోడు. వాళ్ల నాయన జతలో బస్సెక్కి పోయినాడు."

ఆమె సమాధానం చెప్పేసింది. మొత్తం చెప్పింది. ఇంకో మాట అడిగితే ఏ బస్సో కూడా చెప్పేది. కానీ వాళ్లకు కావలసింది జడల పిల్ల. ఆమె మాట మారుస్తోందని అనుకున్నారు. ఒకడు గోనెపట్టా లాగేశాడు. దువ్వెనలు కాళ్ల కింద పడి చిటపటమని విరిగాయి. ఇంకొకడు చెంప మీద కొట్టాడు. తరువాత ఎవరు ఎక్కడ కొట్టారో నాకు కనబడలేదు.

నేను ఊరికే ఉండలేదని చెప్పుకోవడానికి ఒక వాక్యం ఉంది. "ఈమె శానా ఏండ్ల నుంచి ఈడనే ఉండాది, నాకు తెలుసు" అన్నాను.

"అన్ని ఏండ్ల నుంచి ఎంతమందిని అమ్మిందో అదీ తెలుసా పెద్దాయనా? పక్కకు రా" అన్నాడు ఒక పిల్లకాయ. పక్కనున్నవాళ్లు నవ్వారు.

నేను పక్కకు జరిగాను.

కానిస్టేబులు వచ్చి ఆమెను వాళ్ల నుంచి విడిపించి ఆ మూల గదికి తీసుకెళ్లాడు. ఆమె కుడి చెయ్యి మణికట్టు దగ్గర వేలాడుతోంది. జనం వెంటబడ్డారు. కాగితాలు చేతిలో ఉన్నాయి కాబట్టి నేనూ వెళ్లాను. లోపల బల్ల మీద పాప అవ్వ కూర్చుని ఉంది. దువ్వెనలామెను చూడగానే లేచింది.

"ఈమె పక్కనే సామీ నేను కూసోబెట్టింది" అంది.

వెనకనుంచి కేకలు లేచాయి. సాక్ష్యం దొరికింది కదా. తలుపు దగ్గర తోపులాట మొదలైంది. ఆ గోలలో, దెబ్బలు తిన్న మనిషి చెంప నిమురుకుంటూ ముసలామెతో మామూలుగా, బావి దగ్గర మాట్లాడుకున్నట్టు అంది: "నీ మనవడు వాళ్ల నాయన జతలో పోయినాడు కదమ్మా. నాయనా అని ఉరికినాడు, గుండు ఆయప్ప జత బస్సెక్కినాడు. నేను సూస్తానే ఉంటి."

"మనవడు యాడోడమ్మా నాకు? అది మనవరాలు."

"చొక్కా నిక్కరు ఏసుకున్న గుండు పిల్లోడు..."

"ఆ గుండుదే. గౌను మీద కక్కుకుంటే నేనే ఏస్తి ఆ చొక్కా."

కానిస్టేబులు నా వైపు తిరిగాడు. నా చేతిలో కాగితం ఉంది. ముసలామె దగ్గరకు వచ్చి, దాని మీది ఫోటో చూసి, "ఇది ఉగాది నాటిది కదప్పా. దానికిప్పుడు జడలు యాడివి? పొద్దున కొండ మీద ఇచ్చేస్తిమి కదా" అంది. చదువు రాని మనిషి. ఆ గదిలో ఆ ఫోటోను సరిగ్గా చదివింది ఆమె ఒక్కతే.

పాప చేసింది మేము చేసిన తప్పే. మేము జడలు చూశాం, అది గుండు చూసింది. గంధం పూసిన ఒక గుండు దూరంగా నడిచిపోతుంటే తన తండ్రే అనుకుని పరుగెత్తింది. తేడా ఏమిటంటే దానికి అయిదేళ్లు.

దువ్వెనలామెను ఏ బస్సని అడిగారు. "బనగానపల్లె బనగానపల్లె అని అరస్తా ఉండె కండక్టరు" అంది. నా డైరీలో 2.25 ఉంది. ఎన్నో ఏళ్లుగా నేను రాసిన ఆలస్యాల్లో ఒక్కటి పనికొచ్చింది. పాత పరిచయాలతో డిపోకు ఫోను చేసి కండక్టరు నంబరు పట్టాం. బస్సు అప్పటికి మైదుకూరు దాటి చాలా దూరం పోయింది.

"గుండు పిల్లలా? ఈడ అయిదు గుండ్లు ఉండాయి సార్. మీది ఏది?" అన్నాడు కండక్టరు.

ఫోను ముసలామె లాక్కుంది. "అయ్యా, ఒక్కొక్క దానికీ ఈ ఫోను చెవి దగ్గర పెట్టు" అంది. అతను పెట్టాడు. మూడో గుండు పలికింది.

"అవ్వా, ఈ నాయన మన నాయన కాదు."

తండ్రి అక్కడే నేల మీద కూలబడ్డాడు. అప్పుడు ఎవరో నీళ్లు ఇచ్చారు.

బస్సులో ఏం జరిగిందో కండక్టరు తరువాతి వారం నాకు చెప్పాడు. రెండు ఇళ్లవాళ్లు కలిసి కొండకు పోయి వస్తున్నారు. నలుగురు పిల్లలకు గుండ్లు. అయిదో గుండు వచ్చి చేరితే, ఈ ఇంటివాళ్లు ఆ ఇంటి బిడ్డ అనుకున్నారు, ఆ ఇంటివాళ్లు ఈ ఇంటి బిడ్డ అనుకున్నారు. లడ్డు చేతిలో పెట్టి పడుకోబెట్టారు. పాప ఎవరి తొడ మీద తల పెట్టి నిద్రపోయిందో ఆ గుండాయన ఫోనుకు కూడా మా సందేశం వచ్చింది. ఆయన జడల బిడ్డ ఫోటో చూసి, "పాపం, ఎవరి బిడ్డనో" అని మూడు గ్రూపులకు పంపాడు. చెయ్యి కదిలితే పిల్ల లేస్తుందని ఎడమ చేత్తో పంపాడట. మంచి మనిషి. మంచితనానికి మన దగ్గర ఎప్పుడూ కరువు లేదు.

పాపను ఆళ్లగడ్డలో దించి పోలీసులకు అప్పగించారు. తండ్రీ అవ్వా జీపులో బయలుదేరారు. అక్కడి నుంచి అటే ఇంటికి పోతారు. జీపు ఎక్కబోతూ ముసలామె వెనక్కి వచ్చి దువ్వెనలామె ఎడమ చెయ్యి పట్టుకుంది. దువ్వెనలామె నేల మీద వెతికి, విరగని దువ్వెన ఒకటి ఏరి, కొంగుతో దుమ్ము తుడిచి ఇచ్చింది.

"పాప అడిగింది. వాళ్లమ్మకంట" అంది.

కొట్టినవాళ్లు ఆ సమయానికి ఎవరి బస్సు వాళ్లు ఎక్కి వెళ్లిపోయారు. నాయకుడు తన కారులో జీపు వెనకే వెళ్లాడు. పాపను ఎత్తుకుని ఫోటో తీయించుకోకపోతే పాప దొరికినట్టు కాదు కదా. మర్నాడు పేపరులో వార్త వచ్చింది. నాయకుడి చొరవతో చిన్నారి క్షేమం. ఫోటో మాత్రం ఉగాదిదే వేశారు. చొక్కా నిక్కరులో ఉన్న గుండు పిల్ల ఫోటో బాగా లేదని అనుకుని ఉంటారు.

నెల తరువాత పిల్లల భద్రత మీద సభ పెట్టారు. ఫ్లెక్సీలో పిల్లలు పావు వంతు, నాయకుడు ముప్పావు వంతు. నాకు శాలువా కప్పి రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. బిడ్డ తప్పిపోతే ఆఖరున చూసిన మనిషిని ముందు అడగండి, బిడ్డ ఆ రోజు ఎలా ఉందో అడగండి, బయలుదేరే బస్సులకు ముందు చెప్పండి, ఇంటివాళ్ల పక్కన ఒకరు కూర్చుని నీళ్లు ఇవ్వండి, వాళ్లను తిట్టకండి అని చెప్పాలని రాసుకుపోయాను. మొదటి వాక్యం పూర్తి కాకముందే చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు దిగిపొమ్మని అర్థం. తరువాత ఒకాయన అరగంట మాట్లాడాడు, పిల్లలు కొత్తవాళ్లు ఇచ్చే చాక్లెట్లు తినకూడదని. దువ్వెనలామెను ఎవరూ పిలవలేదు.

ఆ సందేశం ఇప్పటికీ తిరుగుతోంది. నిన్న కూడా ఒక పెళ్లి గ్రూపులో వచ్చింది. "ఆ పాప దొరికి చాలా రోజులైంది" అని రాశాను. కింద నలుగురు దండం పెట్టే బొమ్మలు పెట్టారు. అయిదో ఆయన సందేశాన్ని మళ్లీ పంపాడు.

దువ్వెనలామె చేతి కట్టు విప్పాక మళ్లీ వచ్చి కూర్చుంది. ఒకరోజు నన్ను పిలిచింది.

"ఏమప్పా, అన్నీ రాస్తావు కదా ఆ పుస్తకంలో. నన్ను కొట్టినోళ్లు ఎవరో రాసినావా?"

తీసి చూశాను. "3.30. బస్టాండులో గొడవ." అంతే ఉంది. ఏ చొక్కా లేదు, ఏ ముఖం లేదు. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే రాసినవాణ్ణి.

"లేదమ్మా" అన్నాను.

"ఉండదులే. నువ్వు పక్కకు పోతివి కదా" అంది, పిన్నుల అట్ట సర్దుకుంటూ.

అప్పటి నుంచి ఒక పని జరుగుతోంది. అది నా ఆలోచన కాదు, ఆమెది. కొండ నుంచి గుండ్లతో దిగినవాళ్లు కనబడితే వదలదు. మొన్న ఒకాయనను పట్టుకుంది.

"ఫోను తియ్యప్పా. బిడ్డకు ఫోటో తియ్యి."

"గుండుకు ఫోటో యాలమ్మా? ఎంటికలు రానీ, బాగుంటాది."

"ఎంటికలు వచ్చేదాంక నీ బిడ్డ తప్పిపోదని కాగితం రాసిస్తావా? బాగుండేది కాదు, ఇప్పుడుండేది తియ్యి."

ఆయన గొణుక్కుంటూ తీశాడు. ఆమె నా వైపు తిరిగి, "నువ్వూ రాసుకో, ఊరికే కూసుంటావు" అంది.

నేను లేచి వెళ్లి, బిడ్డ తల్లిని ముందు అడిగి, తరువాత రాశాను. "2.40. గుండు పాప. ఆడపిల్ల. నీలం చొక్కా, చారల నిక్కరు. ఎడమ చెప్పు వారు తెగింది, పిన్నీసు పెట్టారు."

"ఏం రాసినావో సదువు" అంది దువ్వెనలామె.

చదివాను. ఆమె పాపను ఒకసారి కింది నుంచి పైదాకా చూసింది.

"చేతిలో బన్ను ఉండాది. అదీ రాయి" అంది.